మా వార్డులోని ఖాళీ పోస్టు గారికి

విషయం: 14వ నంబరు మంచం మీది పేషెంటుకు పడకపుండు పడుట, సంజాయిషీ కోరుట గురించి.
సూచిక: నిన్న ఉదయం నాకు అందిన మెమో.

అయ్యా / అమ్మా (మిమ్మల్ని కళ్లతో చూసినవారు లేరు కనుక రెండూ రాశాను),

పన్నెండు గంటల నైట్ డ్యూటీ దిగి, ఓవర్ ఇచ్చి (తర్వాతి షిఫ్టు వాళ్లకు వార్డు అప్పగించి), చేతులు కడుక్కుంటుంటే మెమో తెచ్చి ఇచ్చారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పవలసిన పేషెంటును తిప్పినట్లు చార్టులో నమోదు లేదట. కారణం లిఖితపూర్వకంగా తెలపాలట. డ్యూటీ చార్టు ప్రకారం ఆ రాత్రి వార్డు మన ఇద్దరిదీ. కాబట్టి సదరు మెమోను తమకు సవినయంగా పంపుతున్నాను.

తమ సర్వీసు ముందు నాదెంత? నేను చేరేనాటికే మీరిక్కడ ఉన్నారు. బదిలీల్లో కదలరు, రిటైరు కారు. డ్యూటీ చార్టు గీసేటప్పుడు హెడ్ నర్సు గారు మీ గడిలో అడ్డగీత పెట్టి ఒక నిట్టూర్పు విడుస్తారు. మంజూరైన పోస్టుల లెక్క అడిగినప్పుడు మాత్రం తమరు ఠంచనుగా హాజరవుతారు.

తమ వంశం చాలా పెద్దదని విన్నాను. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ప్రతి మూడు పడకలకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మూడు షిఫ్టులకు పంచితే పూటకు ఒక్కొక్కరికి 9 పడకలు. సెలవుల కోసం మరో 30 శాతం అదనం. మాది 36 పడకల వార్డు. ఆ లెక్కన రాత్రిపూట నలుగురం ఉండాలి. ఒక్కదాన్ని ఉన్నాను. మంచాల మధ్య చాపల మీద పడుకున్నవారు ఏ లెక్కలోకీ రారు కనుక వారి ఊసు ఎత్తను.

ఇక 14వ నంబరు. పక్షవాతంతో ఎడమవైపంతా పడిపోయిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. అలాంటివారిని తిప్పాలంటే ఒకరు భుజమూ తుంటీ పట్టి తమవైపు వంచుకోవాలి. రెండోవారు వీపు చూసి, తడిసిన దుప్పటి లాగేసి, వెనక దిండు దూర్చి, మూత్రం గొట్టం మెలిపడకుండా సర్దాలి. ఒక్కరే ఈడిస్తే చర్మం పక్కబట్టకు రాసుకుని పుండు ఇంకా త్వరగా పడుతుంది. తోడున్నది మోకాళ్లు వంగని ఆయన భార్య. పదింటికి ఆమెను లేపి ఎలాగో ఒకసారి తిప్పాను. పన్నెండింటికి 9వ నంబరుకు రక్తం మొదలుపెట్టాను. మొదటి పదిహేను నిమిషాలు ఆ మంచం వదలకూడదు. అప్పుడే క్యాజువాలిటీ నుంచి కొత్త కేసు దిగింది. 22వ నంబరు వాళ్లు సెలైన్ అయిపోయిందని కేకలు. తరువాత ఏది ఎప్పుడు చేశానో నాకే గుర్తులేదు. 14 దగ్గరికి మళ్లీ వెళ్లేసరికి తెల్లవారింది.

చేయని పని చేసినట్లు రాయలేక పన్నెండు, రెండు, నాలుగు గంటల గడులు ఖాళీగా వదిలాను. ఓవర్‌కు ముందు మూడు సంతకాలు గీకి ఉంటే ఈ మెమో వచ్చేది కాదు. పుండు మాత్రం వచ్చేది. ఒక్క రాత్రిలో అంత లోతు పుండు పడదని మెమో రాసినవారికీ తెలుసు. మిగతా రాత్రుల గడులన్నీ నిండుగా ఉన్నాయి. ఎలా నిండాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మూడు గడులు ఖాళీగా వదిలినందుకు నాకు మెమో. ఏళ్ల తరబడి నిన్ను ఖాళీగా వదిలినవారికి ఏ మెమో ఇచ్చారు? ఎవరిచ్చారు? నువ్వు రాని ప్రతి రాత్రీ ఎవరో ఒకరి వీపు పుండవుతుంది. నీ జీతం మిగిలిందని ఎక్కడో ఎవరో సంతోషిస్తారు. నీ పని నేను చేస్తాను, నీ తిట్లు నేను తింటాను, నీ సంజాయిషీ కూడా నేనే రాయాలా?

మే 12న, నర్సుల దినోత్సవమని, మాకు గులాబీలు ఇచ్చారు. నీ పువ్వు ట్రేలో మిగిలిపోయింది. తెలంగాణలో 2023లో మమ్మల్ని నర్సింగ్ ఆఫీసర్లను చేశారు. పేరు మారింది, మందుల ట్రాలీ చక్రం మారలేదు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పించి మరీ నర్సులను జర్మనీ పంపుతోంది. వెళ్లేవాళ్లను తప్పు పట్టను, నా ఫోనులోనూ ఆ ప్రకటన ఉంది. కానీ నీలాంటి పోస్టులు ఇక్కడ ఇన్ని ఉండగా అక్కడి ఖాళీల మీద అంత దిగులు ఎందుకో అర్థం కాదు.

సంజాయిషీలో పై సంగతంతా రాశాను. ఆ రాత్రి చార్టు నకలూ, నీ గడిలోని అడ్డగీతతో సహా, జతపరిచాను. ఇలా రాస్తే ఇంకో మెమో వస్తుందని తోటివాళ్లు హెచ్చరించారు. రానీ.

ఈ రాత్రి కూడా డ్యూటీ మన ఇద్దరికే వేశారు. ఎనిమిదింటికి ఓవర్. వచ్చే ఉద్దేశం ఉంటే గ్లౌజులు నువ్వే తెచ్చుకో, స్టోరులో లేవు.

ఇట్లు,
నైట్ డ్యూటీ, మేల్ మెడికల్ వార్డు