రిపోర్ట్ ఎప్పుడొస్తుందో చెప్పడం కూడా వైద్యమే

హనుమకొండలో ఓ డయాగ్నస్టిక్ సెంటర్, గురువారం మధ్యాహ్నం. అమ్మకు ఛాతీ సీటీ స్కాన్ అయిపోయింది. రిపోర్ట్ ఎప్పుడిస్తారని కౌంటర్‌లో అడిగితే 'రేపో ఎల్లుండో, మేమే ఫోన్ చేస్తాం' అన్నారు. ఆ రేపో ఎల్లుండో కాస్తా సోమవారం దాకా సాగింది. అన్ని రోజులూ అమ్మ ఏరిన బియ్యాన్నే మళ్లీ చేటలో పోసుకుని ఏరుతూ కూర్చుంది. నా ఫోన్ మోగినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగేది, లోన్ కావాలా అని అడిగే కాల్ అని తెలిశాక మళ్లీ కదిలేది.

రోగం భయం వేరు, ఎదురుచూపు భయం వేరు. మొదటిదాన్ని డాక్టర్లు చూసుకోవాలి, రెండోదాన్ని మాత్రం ఒక్క మాటతో చాలావరకు తగ్గించొచ్చని నా నమ్మకం. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ ఆటలో రాయి కింద పాము ఉంటే చేతికి షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటికన్నా, తగులుతుందో లేదో తేలకుండా సగం సగం అన్నప్పుడే వాళ్లు ఎక్కువ టెన్షన్ పడ్డారు.

ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. సీటీ తీయడం నిమిషాల పనే కానీ, అందులో వందల బొమ్మలుంటాయి, రేడియాలజిస్ట్ వాటిని ఓపిగ్గా చూడాలి, పాత స్కాన్ ఉంటే దానితో పోల్చాలి. బయాప్సీ అయితే ఒంట్లోంచి తీసిన ముక్కను పాడవకుండా ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, పలచగా కోసి, రంగు పట్టించి అప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టాలి, రోజులు పడుతుంది. ఇదంతా ఎవరూ చెప్పరు. చెప్పకపోయేసరికి ఆలస్యమే చెడ్డ కబురులా అనిపిస్తుంది. 'బాగుంటే ఈపాటికి చెప్పేవాళ్లే కదా' అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు.

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్‌లోని ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు వచ్చేవాళ్ల సంగతి ఆలోచించండి. రిపోర్ట్ రాలేదంటే ఆ రోజు కూలీ పోయినట్టే, బస్సు చార్జీలు అదనం.

ఇప్పుడు ఇంకో తంటా, డాక్టర్ కన్నా ముందే రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చేస్తోంది. రాత్రి పదింటికి దాన్ని తెరిచి ఒక్కో మాటా గూగుల్‌లో వెతికితే నిద్ర పట్టదు, నాకు పట్టలేదు. 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' అని చూసి వణికిపోయాను. రోగి లక్షణాలతో కలిపి చూసుకోమని డాక్టర్‌కు చెప్పే మామూలు మాట అది. అమ్మ రిపోర్ట్‌లో చిన్న నాడ్యూల్, అంటే చిన్న గడ్డలాంటి మచ్చ, అని వచ్చింది. ఊపిరితిత్తుల్లో కనిపించే చిన్న నాడ్యూల్స్‌లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ రిపోర్ట్ సంగతి నేను అమ్మకు చెప్పకుండా దాచాను, అది తప్పు. వంటింట్లో అన్నయ్యతో మెల్లగా మాట్లాడుతుంటే వచ్చి నిలబడింది. "నాకు జెప్పకుంట మీరు మీరే గుసగుస పెట్టుకుంటె నాకింక భయమైతాంది బిడ్డా" అంది. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. చుట్టాలు రోజుకు పదిసార్లు 'రిపోర్ట్ వచ్చిందా' అని అమ్మకే ఫోన్ చేస్తుంటే, ఆ ఫోన్లన్నీ వదిన తీసుకుంది. అది నిజంగా పనిచేసింది.

ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీయించమన్నారు. ఈసారి కౌంటర్ వదలకుండా అడిగాను, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు చెబుతారని. 'శుక్రవారం సాయంత్రం 5 తర్వాత, డాక్టర్ గారి దగ్గరే' అని ఫైల్ అట్ట మీద రాయించుకున్నాను.