ఇంకో రెండు పీఎస్ఐ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంకో రెండు పీఎస్ఐ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా టర్బో కారూ క్షేమం అని మొదలుపెడదామనే కూర్చున్నా గానీ కారు ప్రస్తుతం జాకీ మీద ఉంది, బంపర్ ఊడి గోడకి ఆనుకుని ఉంది, కాబట్టి నా ఒక్కడి క్షేమమే రాస్తున్నా. పొగ జోరుకి తిరుగుతూ ఇంజిన్లోకి గాలిని నొక్కే టర్బో ఉంది కదా, మీరు మాత్రం ఎప్పట్లాగే దాని ఒత్తిడిని పీఎస్ఐల్లో చూపించే బూస్ట్ గేజ్‌లో ముల్లు ఆగిన చోటికి సరిగ్గా రెండు గీతలు అవతల కూర్చుని కులాసాగా ఉన్నారని తెలుసు. మీ అడ్రస్ అదే కదా. ముల్లు ఎంత జరిగితే మీరూ అంత జరుగుతారు.

మన పరిచయం గుర్తుందా అండీ? కారు శుభ్రంగా ఉండేది. స్టార్ట్ చేస్తే స్టార్ట్ అయ్యేది, తొక్కితే వెళ్లేది, పికప్‌కి కూడా వంక పెట్టడానికి లేదు. అప్పుడు ఒకాయన అన్నాడు, "ఒట్టి సాఫ్ట్‌వేరే కదన్నా, పానా కూడా ముట్టుకోనక్కర్లేదు, ల్యాప్‌టాప్ పెట్టి మ్యాప్ మారిస్తే స్టేజ్ వన్ అయిపోయినట్టే" అని. మ్యాప్ అంటే ఇంజిన్‌కి ఎప్పుడు ఎంత గాలి, ఎంత పెట్రోలు అని చెప్పే పట్టిక, స్టేజ్ వన్ అంటే ట్యూనింగ్‌లో మొదటి మెట్టు. లెక్క కూడా వేసి చూపించాడు. బయట గాలి ఒత్తిడే 14.5 పీఎస్ఐ, దాని మీద టర్బో ఇంకో 15 నొక్కుతోంది, కలిపితే 29.5, మీరు వచ్చి చేరితే 31.5, అంటే సుమారు 7 శాతం ఎక్కువ గాలి, గాలికి తగ్గ పెట్రోలు, పెట్రోలుకి తగ్గ పవర్. కాగితం మీద ఎంత బుద్ధిమంతులండీ మీరు.

ఆ కాగితం మీద వేడి అనే కాలమ్ లేదు. గాలిని నొక్కితే వేడెక్కుతుందని సైకిల్ పంపు కొట్టిన ప్రతి పిల్లాడికీ తెలుసు, చెయ్యి కాలుతుంది కాబట్టి, నాకు మాత్రం ఇంజిన్ కాలేదాకా తట్టలేదు. 30 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే టర్బోలోంచి బయటికొచ్చేసరికి 120 డిగ్రీల దాకా పోతుంది. టర్బోకి హాయిగా తిరిగే ఓ జోన్ ఉంటుంది, అది దాటించి తిప్పితే గాలి తక్కువ వేడి ఎక్కువ, అంత కష్టపడి చివరికి తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ అవుతుంది. అంత వేడిలో సిలిండర్‌లో పెట్రోలు ఊరుకోదు. ప్లగ్గు అంటించిన మంట తన దాకా వచ్చే వరకూ ఆగకుండా మూలన ఉన్న మిశ్రమం తనంతట తనే పేలుతుంది. దాన్నే నాక్ అంటారు. సెన్సర్ ఆ టకటక వింటుంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ కంగారుపడి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే ప్లగ్గు నిప్పు పెట్టే క్షణాన్ని ఆలస్యం చేస్తుంది, టైమింగ్ వెనక్కి పోతే పవర్ కూడా దాంతో పాటే పోతుంది. మీరు వీధి గుమ్మంలోంచి తెచ్చిపెట్టిందంతా దొడ్డి గుమ్మంలోంచి వెళ్లిపోతోందన్నమాట, మధ్యలో నేను తలుపులు పట్టుకుని నిలబడ్డా.

ఈసీయూ లెక్కలన్నీ నమోదైన లాగ్ తీసి చూశా. థర్డ్ గేర్, 4,500 ఆర్పీఎం, మూడో సిలిండర్లో టైమింగ్ 4 డిగ్రీలు వెనక్కి. ఆ ప్లగ్గు విప్పి వెలుతురులో పెడితే తెల్లటి పింగాణీ మీద సూదిమొనంత మెరుపు చుక్కలు, ఒకటి కాదు, ఏడో ఎనిమిదో. భూతద్దం పెట్టా. అల్యూమినియం. ప్లగ్గులో అల్యూమినియం ఎక్కడిదండీ? పిస్టన్ది! నా పిస్టన్ కొంచెం కొంచెంగా సైలెన్సర్లోంచి వెళ్లిపోతోంది, నేనేమో సౌండ్ బాగుందని మురిసిపోతున్నా.

అప్పుడైనా మిమ్మల్ని సాగనంపాలా వద్దా? లేదు, గోచీ సన్యాసిలా ఆలోచించా. ఎలకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చి, ఆవుని చూసుకోవడానికి పెళ్లి చేసుకున్నాడే, ఆయన. వేడి తగ్గాలని టర్బో గాలిని చల్లార్చే పెద్ద ఇంటర్‌కూలర్ వేశా, అది పెద్దదైంది కాబట్టి దాని అవతల పైపులు మార్చా, గాలి పెరిగింది కదా అని పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, ఇంజెక్టర్లకి పెట్రోలు అందడం లేదని ట్యాంకులో పంపు, వేడికి తట్టుకోవాలని ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు, అంత ఒత్తిడిలో స్పార్కు ఆరిపోతోందని వాటి గ్యాపు 0.8 మిల్లీమీటర్ల నుంచి 0.6 కి, ఇవన్నీ వేశాక మ్యాప్ మళ్లీ మొదట్నుంచి, ఇన్ని చేసి రోడ్డెక్కితే క్లచ్ జారింది. ఆర్పీఎం ముల్లు పరిగెత్తుతోంది, కారు మాత్రం అప్పుడే అన్నం తిన్నవాడిలా నడుస్తోంది. ఒక పార్టుకి వైద్యం చేస్తే మీరు చక్కగా లేచి పక్క పార్టులోకి మకాం మార్చేవారు. కౌపీన సంరక్షణార్థం ఈ పటాటోపం అంటారు చూడండి, దాన్ని ఇంజిన్ కవర్ మీద చెక్కించాలి.

పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి ఒట్టి పైపు పెట్టమన్నారు కొందరు. ఆ ఒక్క మాటా వినలేదు. వెనకొచ్చేవాడి ఊపిరితిత్తులు పెట్టుబడిగా పెట్టి నేను పికప్ కొనుక్కోవడమేంటి?

మీ వంశ చరిత్ర కూడా చదివానండోయ్, అనవసరంగా చదివా. ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ అనే స్విస్ ఇంజనీరు 1905లో టర్బోకి పేటెంట్ తీసుకున్నది పొగతో పాటు వృథాగా పోయే వేడినీ శక్తినీ మళ్లీ వాడుకుందామని. పొదుపు కోసం పుట్టిన వస్తువండీ ఇది! 1962లో ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు జెట్‌ఫైర్ అని 3.5 లీటర్ల వీ8కి టర్బో బిగించి అమ్మారు, 215 హార్స్‌పవర్. అప్పుడూ ఇదే నాక్ గోల, దానికి విరుగుడుగా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం, పేరేమో టర్బో రాకెట్ ఫ్లూయిడ్. కొన్నవాళ్లు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవారు, చివరికి కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బొరేటర్ పెట్టించుకునే దారి చూపించింది. 1977లో రెనో టర్బో పెట్టుకుని ఫార్ములా వన్‌కి వస్తే, అది అస్తమానం తెల్లటి పొగ వదులుతుంటే జనం దానికి పసుపు టీపాట్ అని పేరు పెట్టారు. నవ్వినవాళ్ల ముందే 1979లో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో రేసు గెలిచింది. ఆ తర్వాత అందరూ మీ మాయలో పడ్డారు, 1986 నాటికి 1.5 లీటర్ల ఇంజిన్లు క్వాలిఫయింగ్‌లో వెయ్యి హార్స్‌పవర్ దాటాయి, కాకపోతే ఆ ఇంజిన్లు బతకాల్సింది నాలుగు ల్యాపులు. నా ఇంజిన్ సోమవారం ఆఫీసుకి కూడా వెళ్లాలి.

సరే, అసలు విషయానికొస్తా. ఇంత చేసినా మూడో సిలిండర్ గొణుగుడు తగ్గింది గానీ పోలేదు, తొక్కినప్పుడల్లా ఎక్కడో సన్నగా ఉస్స్‌మని వినిపిస్తోంది. ట్యూనర్‌కి చెబితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "టర్బో చిన్నదైపోయింది" అన్నాడు. అంటే ఇంకో ఆవు. ఈసారి ఎందుకో ఒళ్లు మండి బంపర్ నేనే ఊడదీసి, గాలి దారి రెండు చివర్లా మూసి, కంప్రెసర్తో కొద్దిగా గాలి పట్టించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లుకుంటూ వచ్చా. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే మొదటి హోస్ దగ్గర, ఇన్ని మార్పుల్లో ఎవరూ చెయ్యి పెట్టని ఆ ఒక్క జాయింట్ దగ్గర, ద్రాక్షగుత్తిలా బుడగలు. చుట్టూ తడి తడిగా నూనె మరక. క్లిప్ వదులు. చేత్తో పట్టుకుంటే గిర్రున తిరిగింది.

మొదటి రోజు నుంచీ లీకేజీనట! గాలి కారిపోతోంది, ఈసీయూ ఏమో గేజ్ నింపాలి కాబట్టి, ఎక్కువైన పొగని టర్బోకి తగలకుండా పక్కకి పంపే వేస్ట్‌గేట్ మూసి టర్బోని ఇంకా తిప్పుతోంది, మామూలుగానే నిమిషానికి లక్షన్నర చుట్లు తిరిగే చిటికెన వేలంత షాఫ్ట్ అది, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగే ప్రాణం, కారిపోయే గాలిని కూడా కలిపి నొక్కలేక వేడి గాలి పంపుతోంది, ఆ వేడికి నాక్, ఆ నాక్‌కి ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు, పంపు, క్లచ్. అంతా చూస్తూ రెండు గీతలు అవతల కూర్చుని నవ్వుతున్నావు కదరా, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "ముందు క్లిప్ చూడరా నాయనా" అన్నావా నువ్వు?

క్షమించండి, నోరు జారింది.

స్క్రూడ్రైవర్ తెచ్చి రెండు తిప్పులు తిప్పా. అంతే పని. బంపర్ లేకుండానే అలా ఓ రౌండు వెళ్లి లాగ్ తీసి, మిగతా క్లిప్పులు కూడా చూద్దామని మళ్లీ జాకీ ఎక్కించా. మీకు చెప్పాల్సింది ఒక్కటే. 17 పీఎస్ఐకి మన సంబంధం సరి, ఇంజిన్ కంపెనీ వాడు పెట్టిన మార్జిన్ నా జోలికి రాదు, నేను దాని జోలికి పోను. దయచేసి ఇకమీదట నా గేజ్ ఛాయలకి రావద్దు.

ఇట్లు,
ఓ మాజీ బాధితుడు

తా.క.: ఆ లాగ్ ఇప్పుడే ల్యాప్‌టాప్‌లో తెరిచా. థర్డ్ గేర్, 4,500 ఆర్పీఎం, మూడో సిలిండర్లో టైమింగ్ వెనక్కి లాగింది సున్నా. నాలుగు సిలిండర్లలోనూ సున్నానే. లోపలికెళ్లే గాలి కూడా చల్లగా ఉంది, పంపు, ఇంజెక్టర్లు సగం ఖాళీగా కూర్చున్నాయి. బాధితుడు దగ్గర "మాజీ" కొట్టేసి చదువుకోగలరు, 19 దగ్గర కలుద్దాం.