అశ్వత్థానికి గ్రానైట్ యోగం

మా కాలనీ రావిచెట్టుకు దశ తిరిగింది. పాత సిమెంటు గట్టు మీదే గ్రానైట్ పరిచి, స్టీలు రెయిలింగు బిగించి, కార్తీకంలో కొబ్బరికాయ కొట్టి ప్రారంభించారు. మొదలుకీ రాయికీ మధ్య చీమ దూరే సందు కూడా ఉంచలేదు మేస్త్రీ. పనితనం అంటే అదీ! ఇక దాతల పలక. ఆ పేర్లన్నీ చదివేలోపు చెట్టు ఒకసారి ఆకు రాల్చుకుంటుంది.

'మూలతో బ్రహ్మరూపాయ, మధ్యతో విష్ణురూపిణే, అగ్రతః శివరూపాయ' అన్నారు పెద్దలు. మావాళ్లు ముగ్గురికీ న్యాయం చేశారు. మొదట్లో బ్రహ్మను సిమెంటులో పూడ్చారు. నడుమ విష్ణువుకు నాలుగు మేకులు దిగేసి 'వృక్షో రక్షతి రక్షితః' బోర్డు తగిలించారు. పైన శివుడు కరెంటు తీగలకు అడ్డొస్తున్నాడని నరికించారు.

శనివారం పొద్దున్నే రండి, చూద్దురుగాని. నూటెనిమిది ప్రదక్షిణలు. రాయి నున్నన, పైగా తడి, అందుకని భక్తులు ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో చెంబు పట్టుకుని బాతుల్లా నడుస్తుంటారు. చెంబెడు నీళ్లు భక్తిగా మొదట్లో పోస్తారు. ఆ నీళ్లు గ్రానైట్ మీద పసుపు కుంకుమలు కలుపుకుని, ఇంత సాంబ్రాణి బూడిద కూడా వెంటేసుకుని, చక్కగా వాలు చూసుకుని మురుగుకాలవలోకి దిగుతాయి. మా కాలవకి జరిగినన్ని అభిషేకాలు ఏ జ్యోతిర్లింగానికీ జరిగి ఉండవు. అడుగు కింద వేళ్లు మాత్రం నాలుక పిడచకట్టుకుని ఉంటాయి. పక్కనే అద్దం పగిలిన దేవుడి పటాల గుట్ట. ఇంట్లో ఉంచుకోలేరు, చెత్తబండిలో వెయ్యలేరు. చెట్టు ఉన్నదెందుకు మరి?

"రావి రాత్రిళ్లు కూడా ఆక్సిజన్ ఇస్తుందండీ" అంటాడు మా కమిటీ పెద్దాయన. వాట్సాప్‌లో వచ్చిందట. వేళ్లకు కూడా గాలి కావాలని మాత్రం ఆయనకు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. 2013లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమంది కదా అన్నాను. "అవి మామూలు చెట్లండీ, ఇది దేవుడి చెట్టు" అన్నారు. చెట్లలో నేను అశ్వత్థాన్ని అని గీత పదో అధ్యాయంలో కృష్ణుడన్న మాట నిజమే. నాకు గట్టు కట్టించండి అని ఆయన అన్నట్టు గుర్తులేదు.

మిగతా చెట్లు చేతులెత్తేసిన రోజుల్లో కూడా ఎక్కడో ఒక రావి కాస్తూనే ఉంటుంది. ఆ కాయ లోపలే పూలు. గింజంత కందిరీగ ఒకటి సందులోంచి లోపలికి దూరితే తప్ప అవి ఫలించవు. ఆ పళ్లకి పగలు కోకిలలు, గోరువంకలు, రాత్రి గబ్బిలాలు. ఇంతమందికి అన్నం పెట్టే చెట్టును గొంతుదాకా పూడ్చి, పైన కర్పూరం వెలిగిస్తారా? సిగ్గనిపించదా? ఈ ఏడు ఉత్తరం వైపు కొమ్మలు ఒక్క రాగిరంగు చిగురు వెయ్యలేదు. ఒక్కడు తలెత్తి చూడలేదు. ఒక్కడు!

పోయిన వారం రాళ్ల అతుకులో రెండాకుల రావిమొక్క మొలిచింది. పిట్ట రెట్టలో వచ్చిన గింజ. గట్టు బీటలిస్తుందని కమిటీకి టెన్షన్. పీకుదామంటే రావిని పీకితే వంశానికి మంచిది కాదని భయం. చివరికి మేస్త్రీకి కబురెళ్లింది. కూలి కాక ఇంకో రెండొందలు అడిగాడు. దేనికయ్యా అంటే, "పాపం నాకు తగులుద్ది కదండీ" అన్నాడు.

బేరమాడి నూటయాభైకి ఒప్పించారు.