మెట్ల కింద చోటుకు ఒకే ఒక్క తలుపా?

వడ్రంగి ఇప్పుడే వెళ్లాడు. నా చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. రెండు గంటలు బయటికి వెళ్లి వచ్చేసరికి మెట్ల కింద ఖాళీ మొత్తాన్నీ ప్లైవుడ్ పలకలతో మూసేసి, ఎత్తు ఎక్కువున్న వైపు ఒక తలుపు బిగించి, "అయిపోయిందమ్మా" అన్నాడు. మూడు ఆదివారాలు నేల మీద కూర్చుని టేపుతో కొలిచి గీసిచ్చిన బొమ్మ చెక్కపొట్టులో పడి ఉంది. ఇదేమిటని అడిగితే, "సారు ఇలా చాలన్నారమ్మా" అన్నాడు. మా ఆయనను అడిగాను. "పాత సామాను పెట్టుకోవడానికే కదా" అన్నారు.

ఈ మాట మీలో వినని వాళ్లుండరు. ఇంట్లో వంకర చోటు ఏది కనబడినా అది పాత సామానుకే అని ముందే తీర్మానమైపోతుంది. ఒక్కరూ టేపు తీసి కొలవరు.

నేను కొలిచాను. 14 మెట్లు. ఒక్కో మెట్టు 7 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు. కింద 10 అడుగులకు పైగా పొడవు, ఒక చివర 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల లోతు వచ్చాయి. వాలు పోగా 100 ఘనపుటడుగులకు తగ్గదు. మూడు బీరువాలు పట్టే చోటు! దానికి ఒకే తలుపు పెడితే, పొట్టి చివరన ఉన్న పెట్టె కోసం చీకట్లో మోకాళ్ల మీద పాకాలి. ఒకసారి లోపలికి పోయిన వస్తువును మళ్లీ చూసేది ఇల్లు మారేటప్పుడే. అందుకే పొట్టి వైపు చక్రాల సొరుగులు గీశాను. 3 అడుగుల లోతూ బయటికి లాగితే వెనకాల ఉన్నదీ చేతికి అందుతుంది. ఎత్తు వైపు బట్టలు తగిలించే గూడు. హ్యాంగరు అడ్డంగా పట్టాలంటే 2 అడుగుల లోతు కావాలి, అక్కడ అంతకంటే ఎక్కువే ఉంది. నడుమ, కూర్చుంటే తలకు తగలని చోట, 30 అంగుళాల ఎత్తున ఒక బల్ల. నా బల్ల.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మెట్ల కింద రంగు డబ్బాలు, పాత కాగితాలు, అదనపు గ్యాస్ సిలిండర్ కుక్కి తలుపు వేసేవాళ్లు ఎంతమంది! వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. గాలి ఆడని ఆ గూట్లో మంట పుడితే పైనున్న వాళ్లు దిగిరావలసింది ఆ మెట్ల మీదుగానే. దయచేసి ఈ రోజే తీసేయండి.

"ఇరుకు చోటులో ఏం చేస్తాం" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. వెడల్పు 2 మీటర్లు కూడా లేదు, పొడవు మూడున్నర మీటర్లలోపే. అందులోనే గోడకు మడిచే ఇస్త్రీ బల్ల, దినుసులకు విడివిడిగా అల్యూమినియం సొరుగులు. పనిచేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి మరీ గీసింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. అక్కడ పనిచేసే మనిషి గురించి ముందు ఆలోచించింది కాబట్టే ఆ చోటు చాలింది.

మా అమ్మ గురించి ఎవరు ఆలోచించారు? ఆమె కుట్టు మిషను ఇరవై ఏళ్లపాటు నడవలో, తలుపు వెనకాల ఉండేది. ఎవరు లోపలికి వచ్చినా కుట్టు ఆపి, లేచి, మిషను పక్కకు జరపాలి. రోజుకు ఎన్నిసార్లు లేచేదో! అదే ఇంట్లో చుట్టాల కోసమని ఒక గది ఏడాదిలో పది నెలలు తాళం వేసి ఉండేది. అందులో ఓ మూల ఇమ్మని ఆమె అడగలేదు, ఇద్దామని ఎవరికీ తోచలేదు. మిషను నేర్పిన రోజు "నీకైనా కిటికీ పక్కన పెట్టుకునే చోటుండాలి" అని నాతో అంది. ఆ మాట ఈ సాయంత్రం ఆ పలకను చూస్తుంటే గొంతుకు అడ్డుపడింది.

మా ఇంటి ప్లాను గీసిన రోజే ఆయన బల్లకు చోటు కుదిరింది. బండికి కుదిరింది, చెప్పులకూ కుదిరింది. నేను అడిగింది ఎవరికీ అక్కరలేని మెట్ల కింద చోటు. దాన్ని కూడా నన్ను అడగకుండా మూసేశారు.

వడ్రంగికి ఫోను చేశాను. రేపు ఉదయం ఎనిమిదింటికి వస్తానన్నాడు. ఆ పలకలు ఊడదీసి, వాటిలో పెద్దదాన్నే కోసి నా బల్లకు పైచెక్కగా వేయమన్నాను. రేపు నేను గడప దాటను.