శ్రీ ఇండిఫరెంట్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి. తమరి వల్ల తిన్నన్ని చీవాట్లు ఇంకే మాట వల్లా తినలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

మన పరిచయం ఎనిమిదో తరగతిలో. 'డిఫరెంట్'కి వ్యతిరేకపదం రాయమంటే తమర్నే రాశాను. డైరెక్టుకి ఇన్‌డైరెక్టు ఉన్నప్పుడు దీనికి తమరెందుకు కారు? మాస్టారు సున్నా చుట్టారు. చాలా ఏళ్లకు నిఘంటువు తిరగేస్తే తెలిసింది, లాటిన్‌లో తమరి పుట్టుపేరుకి అర్థం అచ్చంగా 'తేడా లేనిది' అనేనట! ఆ అరమార్కు నాకింకా బాకీ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన గురించి 'ఇండిఫరెంట్ హెల్త్' అని వచ్చింది. 'ఆరోగ్యాన్ని అస్సలు పట్టించుకోవడం లేదు' అని రాసేశాను. పాపం, ఆయన పూటకో డాక్టరు చుట్టూ తిరుగుతున్నారట. తమరు ఆరోగ్యం పక్కన నిలబడితే 'అంతంతమాత్రం' అని నాకెవరు చెప్పారు? వంటవాడి పక్కనా అదే వరస. ఇండిఫరెంట్ కుక్ అంటే వంట మీద ధ్యాస లేనివాడు కాదట, ఎంత చెమటోడ్చినా చేతికి రుచి రానివాడట. వెనకాల 'టు' తగిలించుకున్నారా, ఇక దున్నపోతు మీద వానే.

ఒకప్పుడు తమరెంత పరువుగా బతికారు! ఇంగ్లండు చర్చి వారి 1662 నాటి ప్రార్థన పుస్తకంలో, అధికారులు 'ట్రూలీ అండ్ ఇండిఫరెంట్లీ' న్యాయం చెయ్యాలని దేవుణ్ణి వేడుకున్నారు. ఎవరి పక్షమూ వహించకుండా అని వాళ్ల భావం. దేవుడు మాత్రం ఇప్పటి అర్థమే తీసుకుని వరమిచ్చినట్టున్నాడు. అనుమానముంటే పింఛను కాగితంతో ఏ కౌంటరు ముందైనా నిలబడి చూడండి.

తమరికి మేం పెట్టుకున్న తెలుగు పేరు 'ఉదాసీనుడు'. ఆయనా చితికిపోయిన జమీందారే. అసలు అర్థం తగాదాకి దూరంగా, పైన కూర్చున్నవాడని. గీత పన్నెండో అధ్యాయంలో 'ఉదాసీనో గతవ్యథః' అంటూ భక్తుడికి ఇచ్చిన కితాబుల్లో ఆయనా ఉన్నాడు. ఇప్పుడదే మాట మెమోలో పడితే ఇంక్రిమెంటు ఆగుతుంది.

ఎకనమిక్స్ వాళ్లు మాత్రం ఇద్దరికీ కలిపి కొలువిచ్చారు. ఉదాసీనతా వక్రరేఖ! ఆ గీత మీద ఏ బిందువు దగ్గరున్నా వినియోగదారుడికి సమాన తృప్తేనట. కానివ్వండి. ఆవకాయకీ మాగాయకీ మధ్య ఉదాసీనంగా ఉండే ప్రాణి మా బంధువర్గంలో ఇంకా పుట్టలేదు.

నిన్న రాత్రి క్రికెట్ వార్తలో మళ్లీ దర్శనమిచ్చారు, 'ఇండిఫరెంట్ ఫామ్' అని. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని 'ఉదాసీన ఫామ్' చేశాడు. ఎర్ర పెన్ను తీశాను. వాణ్ణి కూచోబెట్టి 1662 నుంచీ మొదలుపెడదామనుకున్నాను. గడియారం చూస్తే పదకొండున్నర.

"ఏదైతేనేం, పేజీ వదిలెయ్" అన్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
డెస్కులో ఒక సబ్ఎడిటర్