కొసకు తెగులు, మొదలుకు వైద్యం

పశువుల కొట్టం మూలన విశ్రాంతి తీసుకుంటున్న మహారాజశ్రీ గొడ్డలి గారికి, దేవరకొండ దగ్గరి పల్లె నుండి ఇంటి యజమాని రాసుకుంటున్న విన్నపం.

2021లో వానలు వెనుకబట్టే వేళకు మా పెరటి వేపచెట్టు కొసల నుండి ఎర్రబారి, దసరా దాటిన కొద్ది రోజులకే నిప్పు సోకినట్లు మాడిపోయింది. మా ఒక్క చెట్టే కాదు, నల్గొండ నుండి మహబూబ్‌నగర్ వరకు బాట వెంట వేపలన్నీ అదే తీరుగా ఉన్నాయి. తేయాకు దోమ లేత చిగుళ్ల రసం పీల్చిందనీ, ఫోమాప్సిస్ అనే బూజు కొమ్మలను ఎండగొట్టిందనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. పత్తిచేనులో పురుగు పడితే వేపనూనె కొట్టే మనం, వేపకే పురుగు పడితే ఏ నూనె కొట్టాలో తెలియక తమరి వైపు చూశాము.

తమరు నాడి చూడలేదు. బెరడును గోటితో గీకి లోపల పచ్చిగా ఉందేమో చూడాలన్న చాదస్తం తమరికి లేదు. ఎండిన కొసలను కత్తిరించి, శిలీంద్రనాశిని పిచికారీ చేయాలని, ఎండలు ముదిరేసరికి చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయని శాస్త్రవేత్తలు చెబుతుండగానే, కొసకు వచ్చిన తెగులుకు చెట్టు మొదలు దగ్గర వైద్యం మొదలుపెట్టారు. తమరి కామ తుమ్మకర్రది కనుక వేపతో చుట్టరికం కూడా అడ్డు రాలేదు. తమరిని ఎత్తిన చేతులు నావేనన్న సంగతిని ఈ లేఖలో ప్రస్తావించకపోవడమే మర్యాద.

ఇక కట్టెల సంగతి. గ్యాసు బండ ధర తలచుకొని, చలికాలమంతా నీళ్లపొయ్యికి కొరత ఉండదని లెక్క వేసుకున్నాను. మర్నాడే పొయ్యిలో పెట్టిన మొద్దు మండనని మొండికేసింది. ఒక చివర పొగ, మరో చివర నుండి బుసబుసమంటూ నురగ, కళ్లు నులుముకుంటూ వచ్చిన అమ్మ ఆ నురగను చూసి, "చచ్చిన చెట్టుకు ఇంత పసరు ఎక్కడిది బిడ్డా?" అని అడిగింది. తమరి పక్షాన నా దగ్గర జవాబు లేకపోయింది. చీల్చి, గాలి తగిలేలా పేర్చి, నాలుగు నెలలు ఎండబెట్టిన తరువాతే ఆ కట్టెలు మండాయి. అప్పటికి చలి పోయింది, వేడినీళ్లు కోరేవాళ్లూ లేరు. సన్న కొమ్మలు, అసలు తెగులు ఉన్నవి, మాత్రం మొదటి రోజే భగ్గున కాలిపోయాయి. కత్తిరించవలసింది అవేనట.

2022 ఏప్రిల్ 2న ఉగాది. తమరి వైద్యానికి నోచుకోని పక్కింటి వేప అప్పటికి నిండుగా చిగురించి పూత పట్టింది. పచ్చడికి గుప్పెడు పువ్వు కోసం గిన్నె పట్టుకొని నేనే వెళ్లాను. ఆ ఇంటి పెద్దమ్మ పువ్వుతోపాటు, "మీ చెట్టు ఏమైంది?" అన్న ప్రశ్న కూడా గిన్నెలో వేసింది.

మొన్నటి వానకు మా మొద్దు పక్క నుండి బెత్తెడు చిగుళ్లు లేచాయి. మేకలు ముట్టకుండా చుట్టూ కంప వేశాను. తమరి కామ కొంత వదులైనట్లుంది. దానిని బిగించే పని ఇప్పట్లో పెట్టుకోవడం లేదని మనవి.

ఇట్లు,
పొగ తిన్న కళ్లవాడు