ముక్కలు వేశాక గరిటె పెట్టిందెవరు?

2007 మే 4న విడుదలైన స్పైడర్‌మ్యాన్ మూడో భాగం మీద లోకం మోపిన నేరాలు నాలుగు. విలన్లు ఎక్కువ, ఏడుపు ఎక్కువ, నిడివి ఎక్కువ, చాలదన్నట్టు హీరో నడిబజార్లో డాన్సు. ఇన్నేళ్లయినా ముద్దాయి తరఫున ఒక్క వకాల్తా పడలేదు. నెల్లూరు జిల్లా తరఫున ఇప్పుడు వేస్తున్నాం.

నిడివి సంగతి ముందే తేల్చేద్దాం. సినిమా 139 నిమిషాలు. విడుదలైంది కత్తిరి ఎండలు మొదలయ్యే వారంలో. మిట్టమధ్యాహ్నం ట్రంకురోడ్డు మీద కాలు మోపి చూసినవాడెవడూ ఏసీ హాల్లో రెండు గంటల పంతొమ్మిది నిమిషాలు ఎక్కువని అనడు. ఇంకో అరగంట పెంచలేదేమన్నదే మన ఫిర్యాదు.

ఇక ముగ్గురు విలన్ల మాట. ఇది అర్థం కావాలంటే చేపల పులుసు పెట్టడం తెలిసుండాలి. కిలో బొమ్మిడాయిలకి వంద గ్రాముల పాత చింతపండు, పుల్ల మామిడికాయ ఒకటి, చేతికి బరువు తెలిసేంత నూనె. వెడల్పాటి మట్టి దాక. ఉల్లిపాయ మగ్గి, పులుసు తెర్లి, నూనె పైకి తేలిన తర్వాతే ముక్కలు వెయ్యాలి. వేశాక గరిటె పెట్టకూడదు. దాకని రెండు చేతుల్తో పట్టుకుని తిప్పాలి, అంతే. మామిడి ముక్కలు చివర్లో పడాలి, ముందే వేస్తే కరిగి గుజ్జవుతాయి. దించాక మెంతుల పొడి చిటికెడు చల్లాలి. రెండు చిటికెలైతే చేదు.

దర్శకుడు శామ్ రైమీ దాక బాగానే పెట్టాడు. శాండ్‌మ్యాన్ అనే ముక్క వేశాడు. పగబట్టిన స్నేహితుడు హ్యారీ అనే ముక్క రెండు భాగాల నుంచీ నానుతూనే ఉంది. అప్పుడు నిర్మాత ఆవి అరాద్ వచ్చి, జనం అడుగుతున్నారు, ఒంటికి నల్ల జిగురు పట్టిన విలన్ వెనమ్ కూడా పడాలన్నాడు. రైమీకి ఆ చేప అంటే మొదట్నుంచీ పెద్ద ఇష్టం లేదు. అయినా వేశాడు. ముక్కలు ఉడుకుతుండగా గరిటె పడింది. చెదిరిందంటే చెదరదా మరి? చేపదా తప్పు, దాకదా, వండినవాడిదా? విచారణ జరగాల్సింది గరిటె పెట్టిన ఆ నిర్మాత మీద.

పైగా ఈ జిల్లాలో పులుసుని వండిన పూటే తిని తీర్పు చెప్పేవాణ్ణి పంక్తిలో కూర్చోబెట్టరు. పులుపూ కారం ముక్క లోపలికి దిగడానికి ఒక రాత్రి కావాలి. కొంతమంది అమెరికా విమర్శకులు పొయ్యి మీద నుంచి దించకముందే నాలిక కాల్చుకుని సినిమా బాగాలేదన్నారు. అది వాళ్ల తొందర.

శాండ్‌మ్యాన్ విషయంలో మాత్రం సాక్ష్యం చెప్పే హక్కు పెన్నా ఒడ్డువాళ్లకే ఉంది. ఫ్లింట్ మార్కో ప్రయోగశాల గుంటలో పడి ఇసుకైపోయి, మాట లేకుండా రేణువు రేణువు కూడుకుని లేచి నిలబడే ఆ రెండు మూడు నిమిషాలు చూసి కూడా సినిమాని తిట్టేవాడి ఇంటికి ఇసుక తోలకూడదు. ఆ మార్కో కూతురి పేరు పెన్నీ. ఇంకేం రుజువు కావాలి సామీ?

ఇసుక శాస్త్రం కూడా తప్పలేదు. అయిదారు శాతం తేమున్న ఇసుక పాతిక శాతం దాకా ఉబ్బుతుంది. నీటి పొర రేణువుల్ని ఎడంగా నెట్టేస్తుంది కాబట్టి. అందుకే తడి ఇసుకని ట్రాక్టరు లెక్కన కొన్నవాడు ప్రతి అయిదు ట్రిప్పుల్లో ఒక ట్రిప్పు దాకా గాలి కొంటాడు. అదే ఇసుకని నీళ్లలో పూర్తిగా ముంచితే ఉబ్బంతా దిగిపోతుంది. భూగర్భ రైలు సొరంగంలో పీటర్, అంటే మన స్పైడర్‌మ్యానే, నీళ్ల గొట్టం బద్దలుకొట్టగానే శాండ్‌మ్యాన్ బురదై జారిపోవడానికీ, ఆఖర్న కట్టుబడి జరుగుతున్న చోట మేడంత ఎత్తు లేవడానికీ మధ్య తేడా ఇదే. ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు. మనుషులు ఇసుకలో కూరుకుపోయే చోట్ల షూటింగులో మొక్కజొన్న బెండ్ల పొడి వాడారట. కల్తీ ఇసుక కూడా మనకి కొత్తేం కాదు.

ఇంకో సన్నివేశం ఉంది. పోలీసులు ఇసుక లారీ దగ్గరికొస్తారు, లోపలి ఇసుకే లేచి కొడుతుంది. అక్కడ వాళ్లకది గ్రాఫిక్సు. మన దగ్గర ఆ పని ఒక ఫోన్ కాల్ చేస్తుంది. మార్కో నిజంగానే పెన్నాలో పడుంటే స్పైడర్‌మ్యాన్ అవసరమే ఉండేది కాదు. తెల్లారేలోగా మూడు శ్లాబుల్లోకి వెళ్లిపోయేవాడు.

డాన్సు. ఆకాశం నుంచి పడ్డ నల్ల జిగురు ఒంటికి పట్టాక పీటర్ జుట్టు నుదుటి మీదికి లాక్కుని, నల్ల సూటేసుకుని, రెండు చేతుల్తో తుపాకీ వేళ్లు చూపిస్తూ ఆడవాళ్లని పలకరిస్తూ నడుస్తాడు. వాళ్ల మొహాలు చూడండి, చీదరించుకుంటున్నారు. వాడు గొప్పగా ఉన్నాననుకుంటున్నాడు, రైమీ వాణ్ణి చూసి నవ్వుతున్నాడు. హాల్లో నవ్వినవాళ్లు సినిమా మీద నవ్వామనుకున్నారు. కొత్త బైకు కొన్న మొదటి ఆదివారం గాంధీబొమ్మ నుంచి వీఆర్సీ సెంటర్ దాకా మన కుర్రాళ్లు చేసేది ఇదే, సంగీతం ఒక్కటే తక్కువ. ఒంగోలు అవతల చీమకుర్తిలో నల్లరాయి కలిసొచ్చినా నడక ఇలాగే మారుతుందని ప్రకాశం జిల్లా మిత్రులు ధ్రువీకరిస్తున్నారు. పీటర్ నయం, జాజ్ క్లబ్బులో ప్రేయసి మేరీ జేన్ మీద చెయ్యి పడగానే సిగ్గుపడ్డాడు, చర్చి గంట కింద నిలబడి ఆ నలుపు ఒలుచుకున్నాడు. శబ్దం దానికి గిట్టదు. వినాయక నిమజ్జనం నాటి డీజే ముందు వెనమ్ బతికేది పది నిమిషాలు.

తలకి దెబ్బ తగిలి హ్యారీ గతం మర్చిపోవడాన్ని తెలుగువాడు తప్పుపట్టడం పాపం, దాని మీద బతికిన పరిశ్రమ మనది. హ్యారీ తండ్రిని చంపింది పీటర్ కాదని, ఆ గాయం సొంత గ్లైడర్ కత్తిదేనని పనివాడు బెర్నార్డ్ ఆఖర్న గానీ చెప్పలేదంటారు. పెద్దిళ్ల గుమాస్తాలు అడగందే చెప్పరు. ఏడుపు ఎక్కువన్నవాడు సీరియల్ చూసే ఇంట్లో పుట్టలేదనుకోవాలి.

చూడదలిస్తే తెలుగు డబ్బింగులోనే చూడండి. ఆ ఏడాది భోజ్‌పురిలో కూడా మాట్లాడినవాడు, మన భాషకేం కొత్త కాదు. తలుపు బిగుసుకుపోయిన ఆ అద్దె గది సన్నివేశం దగ్గర కాస్త ఆగండి. అద్దె అడిగిన ఇంటాయన మీద పీటర్ గట్టిగా అరుస్తాడు, ముందు తలుపు బాగుచేయించమని. ఆ ఇంటాయన సామాన్లు బయటికి విసరడు. కుర్రాడు మంచోడే, ఏదో ఇబ్బందిలో ఉన్నట్టున్నాడని సర్దుకుంటాడు. మాగుంట లేఅవుట్లో అలాంటి ఇంటాయన దొరికితే పది నెలల అడ్వాన్సు అడిగినా ఇచ్చేయొచ్చు.